లోతు తగ్గిన గరిటె

మా వదినను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఈ పేటలో ఎవరూ లేరు. పిల్లలకైనా పెద్దలకైనా ఆవిడ పెద్దగరిటె. "పెద్దగరిటె వాళ్లిల్లు ఎటు?" అని అడిగితే మూడో సందు చివర రేకుల ఇల్లు చూపిస్తారు. మా ఆయన పోయినప్పటి నుంచి నేనూ నా కూతురూ ఆ ఇంట్లోనే ఉంటున్నాం. మా అన్నయ్య గోడౌన్లో బస్తాలు మోసీ మోసీ మోకాళ్లు పాడుచేసుకుని ఇంటిపట్టున కూర్చున్నాడు. కూర్చున్న మనిషికి నోరైనా ఊరుకోవాలి కదా, అదీ ఊరుకోదు. జోకులు వేస్తూనే ఉంటాడు. ఇల్లు నడిచేది మాత్రం మా ఇద్దరు ఆడవాళ్ల మీద. ఇద్దరం పేట బడి వంటగదిలో పని చేసేవాళ్లం. నేను కూరలు తరుగుతాను, వంటావిడ వండుతుంది, వదిన వడ్డించేది.

వడ్డించడం కూడా ఒక పనేనా అని మూతి విరిచేవాళ్లను చాలామందిని చూశాను. ఒక్క పూట వచ్చి ఆ గుండిగ ముందు నిలబడమనండి, తెలుస్తుంది. కూరలో ముక్కలు అడుక్కి పోతాయి, నీళ్లు పైన తేలతాయి. బద్ధకం చెయ్యి పైపైన తీసి ముందొచ్చిన వాళ్లకు నీళ్లు పోస్తుంది, వెనకొచ్చిన వాళ్లకు ముక్కలు పెడుతుంది. భయం చెయ్యి మొదట్లో పిసినారితనం చేసి చివర్లో కుమ్మరిస్తుంది. మా వదిన గరిటెను అడుగుదాకా దింపి, ఒకసారి తిప్పి, పైకి లేపి, గుండిగ అంచుకు టక్కున తాకించేది. పైన పొంగినది గుండిగలోకి జారేది. మిగిలింది పళ్లెంలోకి. వరసలో చివరనున్న పిల్ల కూడా ఆ టక్కు టక్కు వింటూ తన వంతు ఎప్పుడొస్తుందో చెప్పగలిగేది. మొదటి పళ్లేనికీ చివరి పళ్లేనికీ తేడా ఉండేది కాదు. కూర ఎప్పుడూ చాలకపోయింది లేదు.

భోజనాల గది గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: "ప్రతి పిల్లకూ ఒక గరిటె కూర." ఒకటే, రెండోసారి లేదు. చిన్న తరగతుల వాళ్లు ముందు, పెద్ద తరగతి వాళ్లు చివర. నా కూతురు ఆ చివరి తరగతే. సొంత మేనకోడలు కదా అని వదిన ఏనాడూ దానికి ఒక ముక్క ఎక్కువ వేసి ఎరగదు. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

వదినకు పిల్లలు లేరు. లేరు కాబట్టే బడి పిల్లలందరూ ఆమె పిల్లలేనని ఎవరైనా కళ్లు తుడుచుకుంటూ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ ముద్దులాడే రకం కాదు. పళ్లెం వంకరగా పట్టుకుంటే కసురుతుంది, ముక్కు చీదుకుని చేతులు కడగకుండా వస్తే వెనక్కి పంపిస్తుంది. ఆవిడ ఇచ్చేదల్లా సరైన కొలత ఒక్కటే, అది పిల్లలకు తెలుసు.

అందరూ తిన్నాక గుండిగ అడుగున అంటుకున్నది గీకి మేం ముగ్గురం పంచుకునేవాళ్లం. కిటికీ గట్టు మీద మా మూడు డబ్బాలు ఎప్పుడూ వరసగా ఉండేవి. అందులో దాపరికం ఏమీ లేదు. పెద్ద మేడం కూడా ఆ దారిన వెళ్తూ, "ఈ రోజు అడుగు బాగా మాడిందా?" అని నవ్వేది. మాడితే మాకు లాభమని ఆవిడకూ తెలుసు.

అలా నడుస్తుండగా చలికాలం సెలవులొచ్చాయి. బడి మూసేస్తే వంట లేదు, వంట లేకపోతే మాకు జీతం లేదు. ఏటా ఉండే ఇబ్బందే కదా, ఎలాగో గట్టెక్కుతాం అనుకున్నాం. కానీ ఈసారి సెలవులకు ముందు తెచ్చుకున్న నూనె సీసా ఖాళీ అయ్యేసరికి కొట్లో నూనె కొండెక్కి కూర్చుంది. దాని వెనకాలే ఉల్లిపాయలు, గుడ్లు, పాలు. వెళ్లిన ప్రతిసారీ ధర కొత్తది. కొట్టతను చావింట్లో కూర్చున్న మొహం పెట్టి, "నన్నేం చెయ్యమంటావక్కా, పైనుంచే అలా వస్తోంది" అనేవాడు.

"ఆ పైనున్నవాడెవడో ఒకసారి కిందికి రమ్మను, నేను మాట్లాడతాను" అన్నాను.

నవ్వాడు. నవ్వినా ధర తగ్గించలేదు.

ఒక సాయంత్రం వదిన బిస్కెట్ పొట్లం తెచ్చింది. ఆ ఒక్కదాని ధరే మారలేదని సంబరపడుతూ తెచ్చింది. నా కూతురు విప్పితే లోపల సగం బిస్కెట్లు, సగం గాలి. పొట్లం మాత్రం ఎప్పటిదే, అదే రంగు, అదే బొమ్మ. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ధర పెంచారా, పెంచనీ. మొహాన చెప్పి పెంచారు. ఇదేంటి, పసిపిల్ల చేతిలో పెట్టే పొట్లంలో మోసం?" అంది.

"పోనీలేవే, గాలి ఊరికే ఇచ్చాడుగా" అన్నాడు మా అన్నయ్య. ఎవరమూ నవ్వలేదు. ఆ మధ్య టీ తాగుతూ కూడా, ఇందులో పాలు పోశారా, లేక పాలు ఇటుగా వెళ్తూ గిన్నెలోకి తొంగి చూశాయా అని అడిగాడు. దానికైతే నవ్వాం. రోజులు గడిచేకొద్దీ నవ్వూ తగ్గింది. నా కూతురు పొద్దున లేస్తూనే, "బడి ఎప్పుడు తెరుస్తారమ్మా?" అనేది. ఏ పిల్లయినా సెలవులు ఇంకా ఉండాలని కోరుకుంటుంది. నా పిల్ల బడి తెరవాలని కోరుకుంది. ఎందుకో నాకు తెలుసు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

బడి తెరిచిన రోజు వంటగది కిటికీలకు లోపల కూడా చెమ్మ పట్టి ఉంది. పొయ్యి వెలిగించి చేతులు కాచుకుంటుంటే, బడి వంటకు సరుకిచ్చి మమ్మల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టర్ వచ్చాడు. అతను పుట్టు దుర్మార్గుడేం కాదు. ఒకప్పుడు తోపుడు బండి మీద కూరగాయలు అమ్మినవాడు. మా ఇంట్లో చావు జరిగినప్పుడు పిలవకుండా వచ్చి కుర్చీలు వేసినవాడు. కానీ అతనికి బడి ఇచ్చే రేటు ఏడాది మొదట్లో ఖాయమైంది. ఏడాది మధ్యలో ఉల్లిపాయలు ఆ సంగతి అడిగి పెరగలేదు. ఆ రోజు తెచ్చిన సరుకు చూడగానే నాకు అర్థమైంది. నేను తరగాల్సిన గుట్ట సగానికి కుంగిపోయింది.

అతను సంచిలోంచి పాత పేపర్లో చుట్టినదేదో తీసి వదిన చేతిలో పెట్టాడు.

"ఇదిగోమ్మా, కొత్త గరిటె. పాతది బాగా అరిగిపోయింది కదా."

వదిన పేపరు విప్పింది. పిడి పాతదాని పొడవే. గుంట వెడల్పు పాతదాని వెడల్పే. ఆవిడ బొటనవేలు గుంటలో పెట్టి చూసింది. పాత గరిటెలో అయితే వేలు మొదటి కణుపు దాటి మునిగేది. ఇందులో గోరు మునిగి ఆగిపోయింది.

"దీనికి లోతేది బాబూ?"

"వెడల్పు అంతే ఉంది కదమ్మా. ఎవరు చూస్తారు?"

"తినేవాళ్లు చూస్తారు."

"గోడ మీద ఏం రాసుంది? ఒక గరిటె అనే కదా. మనం ఒక గరిటే వేస్తాం. మాట తప్పామా?"

"ఆ బిస్కెట్ల వాడూ ఇదే అంటాడు" అంది వదిన.

అతనికి బిస్కెట్ల గోల తెలియదు కాబట్టి అర్థం కాలేదు, కానీ తిట్టిందని మాత్రం అర్థమైంది. మొహం ఎర్రబడింది. "నూనె ధర చూశావా? గుడ్ల ధర చూశావా? నా ఇల్లమ్మి వీళ్లకు కూర పొయ్యమంటావా? నీకు కుదరదంటే ఇప్పుడే చెప్పు, బయట బోలెడుమంది ఉన్నారు పనికోసం. నీకే కాదు, ముగ్గురికీ చెప్తున్నాను."

వదిన నా వైపు చూసింది. నేను కత్తి వైపు చూశాను. వంటావిడ గుండిగలోకి తల దూర్చింది. మేం ముగ్గురం సెలవులన్నీ జీతం లేకుండా గడిపి వచ్చినవాళ్లం. వదిన ఆ గరిటె తీసుకుంది. "పాతదాన్ని ఆ తుక్కు బస్తాలో పడేసెయ్" అని చెప్పి అతను వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక వదిన ఏప్రాన్ మడతలోంచి ఏదో బయటకు తీసింది. చూస్తే పాత గరిటె.

"ఇంట్లో కూరే లేదు, గరిటెందుకే?" అన్నాడు మా అన్నయ్య.

"తుక్కులో వెయ్యబుద్ధి కాలేదండీ" అంది. కడిగి, తుడిచి, బియ్యం డబ్బా వెనక పెట్టింది. దాంతో ఇంట్లో ఒక్కసారి కూడా వడ్డించలేదు. మా గిన్నెలో అది మునిగేంత కూర ఉంటే కదా.

కొత్త గరిటెతో ఆవిడ పడిన పాట్లు నేను తరుగుడు పీట దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. ఏళ్ల తరబడి ఒక గరిటెకు అలవాటు పడిన చెయ్యి అది. అడుగుదాకా దింపేది, తిప్పేది, లేపేది. లేపేసరికి సగం కూర పక్కలనుంచి కిందికి జారిపోయేది. చెయ్యి దానంతటదే మళ్లీ దిగేది. దిగాక గుర్తొచ్చి ఆగేది. ఆ ఆగడంలో వరస ఆగేది. టక్కు టక్కు శబ్దం లేదు. అంచుకు తాకించడానికి పైన పొంగేదేముంది? పిల్లలు ఏమీ అనలేదు. పళ్లెంలోకి చూసి, ఆవిడ మొహంలోకి చూసి, వెళ్లి కూర్చునేవాళ్లు. ఒక్కరైనా గొడవ పెడితే బాగుండునని వదిన రాత్రి అన్నం తింటూ అంది.

మొదటి కొన్ని రోజులు ఎలాగో నెట్టుకొచ్చింది. చేతి పొరపాటున ముందు వాళ్లకు ఎక్కువ పడినప్పుడల్లా, చివర్లో గుండిగ అడుగు గీకి, కాసిని వేణ్నీళ్లు పోసి కలిపి చివరి తరగతి వాళ్లకు సరిపెట్టేది. కిటికీ గట్టు మీద మా డబ్బాలు మూడూ ఖాళీగా వచ్చి ఖాళీగా వెళ్లేవి. వంటావిడ గొణిగింది. నేనూ గొణిగాను, అబద్ధమెందుకు. ఆ గీకుడు మాకు రాత్రి భోజనం.

ఆ తర్వాత ఒక రోజు, మొదటి తరగతి పిల్ల ఒకతి పళ్లెం పట్టుకుని వచ్చింది. వదిన ఒక గరిటె వేసింది. ఆ పిల్ల కదల్లేదు. పళ్లెం అలాగే చాచి నిలబడింది. మొండితనంతో కాదు, ఇంకా కావాలని అడగనూ లేదు. వడ్డన ఇంకా పూర్తి కాలేదనుకుంది, అంతే. మిగతాది వేస్తారని ఎదురుచూస్తోంది. వెనక పిల్ల తోసింది. అయినా కదల్లేదు. వదిన చెయ్యి మళ్లీ దిగింది, ఇంకో గరిటె పడింది. ఆ పిల్ల అప్పుడు పళ్లెంలోకి చూసుకుని, సరిపోయిందన్నట్టు తలూపి వెళ్లిపోయింది. దాని వెనకది కూడా అలాగే నిలబడింది. దాని వెనకది కూడా.

నేను పీట మీద నుంచే, "వదినా!" అని కేకేశాను. వినిపించుకోలేదు. కాసేపటికి మళ్లీ టక్కు టక్కుమని శబ్దం వినిపించింది. రెండు గరిటెలకు ఒక టక్కు. ఆవిడ మొహం చూస్తే సెలవుల ముందు ఎలా ఉండేదో అలా ఉంది. నాకు భయం వేసింది, ఏం జరగబోతుందో తెలుసు కాబట్టి.

చివరి తరగతి వచ్చేసరికి గుండిగలో గీకడానికి కూడా ఏమీ లేదు. నా కూతురు వరసలో ముందుంది. గుండిగలోకి తొంగి చూసింది. "ఫర్వాలేదు అత్తా" అని పళ్లెంలో అన్నం మీద ఉప్పు చల్లుకుని వెళ్లి కూర్చుంది. మిగతావాళ్లు నా కడుపున పుట్టినవాళ్లు కారు కదా. ఇంటికి వెళ్లి చెప్పారు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర తల్లులు. వాళ్లకు కోపం రాకూడదని నేననను. ఆ కోపం అంతా కూర మీదేనా అంటే కాదు. నూనె మీది కోపం, గుడ్ల మీది కోపం, పాల మీది కోపం. కొట్టతని మీద అరిస్తే రేపు సరుకు ఇవ్వడేమోనని నోరు మూసుకున్నవాళ్లంతా ఆ నోరు తెచ్చి మా వదిన ముందు తెరిచారు.

"మా పిల్లలకు ఉప్పూ అన్నమా? కూర ఎటు పోయింది?"

పెద్ద మేడం వచ్చింది, కాంట్రాక్టర్‌ను పిలిపించింది. వంటగదిలో నిలబడ్డానికి చోటు లేదు. కాంట్రాక్టర్ తేలు కుట్టిన దొంగలా ఒక మూల నిలబడి, "నేను సరుకు ఇచ్చాను, వంటావిడ వండింది. గరిటె ఒకటే, లెక్క ఒకటే. ఎటు పోయిందో వడ్డించినావిడే చెప్పాలి" అన్నాడు.

"ఆ డబ్బాలు ఎందుకు మరి?" అని కిటికీ గట్టు చూపించింది ఒక తల్లి.

ఏళ్లుగా అందరికీ తెలిసిన డబ్బాలు అవి. ఆ క్షణానికి ఎవరికీ తెలియనివైపోయాయి. పెద్ద మేడం కూడా కొత్తగా చూస్తున్నట్టు చూసింది. వదిన డబ్బా మూత తీశారు. లోపల తడి కూడా లేదు. అన్నం మెతుకు దొరికితే దొంగ అనేవాళ్లు. ఏమీ దొరక్కపోతే, నిన్నటిది ఇంటికి చేర్చి కడిగేసిందన్నారు. ఇలాంటివాళ్లకు ఏం చెప్పి ఒప్పించగలం?

వదిన నోరు విప్పలేదు. గరిటె సంగతి చెప్తే కాంట్రాక్టర్ పని పోతుంది, అతనితో పాటు మా ముగ్గురి పనీ పోతుంది. చెప్పకపోతే ఆవిడ పేరు పోతుంది. ఆవిడకు ఈ పేటలో ఉన్నదల్లా ఆ చేతి పేరే. పిల్లల కూర తిన్నదని ఆ తల్లుల మొహాలు చెప్తుంటే ఆవిడ రెండు చేతులూ ఏప్రాన్‌లో చుట్టుకుని నిలబడింది. నాకు అంత ఓర్పు లేదు.

"గరిటె చూడండి మేడం! గరిటెకు లోతు లేదు!" అని అరిచాను.

పెద్ద మేడం కొత్త గరిటె అందుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "గరిటె బాగానే ఉందే" అంది. పాపం, ఆవిడ ఏనాడూ దాంతో తినలేదు. "పాతది ఏది?"

"అది విరిగిపోతే పారేశామండీ" అన్నాడు కాంట్రాక్టర్.

అక్కడే మా వదిన కొంప మునిగింది. తనను దొంగ అన్నా ఊరుకున్న మనిషి, గరిటె విరిగిందంటే ఊరుకోలేకపోయింది. నేను చెయ్యి గిల్లేలోపే అనేసింది.

"విరగలేదు మేడం. మా ఇంట్లో ఉంది."

నన్ను తెమ్మని పంపారు. దారి పొడవునా మురిక్కాలవ పారుతూనే ఉంది, అందులో పడేసి దొరకలేదని చెప్దామా అని ఆలోచించాను. పడెయ్యలేదు. ఈ లోకంలో మా వదిన తరఫున సాక్ష్యం చెప్పడానికి ఉన్నది ఆ ఇనుప ముక్క ఒక్కటే. బియ్యం డబ్బా వెనక నుంచి తీసి, కొంగున చుట్టి తెచ్చాను.

పెద్ద మేడం రెండు గాజు గ్లాసులు తెప్పించింది. కొత్త గరిటెతో ఒక గ్లాసులో నీళ్లు పోసింది, పాత గరిటెతో ఇంకో గ్లాసులో. రెండూ పక్కపక్కన పెట్టింది. ఎవరూ చెప్పక్కర్లేకుండా అందరికీ కనిపించింది. ఒక గ్లాసులో నీళ్లు సగం దాకా వచ్చాయి. రెండోది నిండి అంచు మీద నుంచి కారింది. తల్లులు ఆ గ్లాసులకేసి గుడ్లప్పగించి చూశారు. నాకు ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. తేలిపోయింది కదా, ఇక ఎవరేమంటారు అనుకున్నాను. నా అంత పిచ్చిది ఇంకొకతి లేదు.

కాంట్రాక్టర్ ఇక దాచలేదు. "అవును మేడం, తెచ్చాను. మీరిచ్చేది పాత రేటు, బయట ఉన్నది కొత్త ధర. పాత గరిటే కావాలంటే రేపటి నుంచి ఇంకెవరినైనా పెట్టుకోండి. ఈ రేటుకు ఎవరొస్తారో నేనూ చూస్తాను" అన్నాడు.

పెద్ద మేడం రెండు గరిటెలూ పక్కన పెట్టింది. రేటు సంగతి పైవాళ్లకు రాస్తానంది. వాళ్లు ఒప్పుకునేదాకా కొత్త గరిటెతోనే సర్దుకోవాలంది. తల్లుల్లో ఒకావిడ ఏదో అనబోయి ఆగింది. గరిటె చిన్నదైతే కూర తక్కువ, కాంట్రాక్టర్ వెళ్లిపోతే కూరే లేదు. ఆ లెక్క వాళ్లకు అర్థమైంది. అర్థమైనా, పొద్దున్నే పని మానుకుని వచ్చిన కోపం ఉంది కదా, దాన్ని ఎక్కడో ఒక చోట దించుకోవాలి.

"అదంతా సరే మేడం, బడి గరిటె వాళ్లింటికి ఎలా వెళ్లింది?" అంది డబ్బాలు చూపించినావిడే.

అందరికీ ఊపిరి వచ్చినట్టయింది. పెద్ద మేడం కూడా తల పైకెత్తింది. "అవునమ్మా, బడి వస్తువు ఇంటికి తీసుకెళ్లడం తప్పే కదా. నేను ఏదో ఒక చర్య తీసుకోవాలి. నన్నూ అడిగేవాళ్లుంటారు" అంది మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు చెంప పగలగొట్టాలనిపించింది. తుక్కులో వెయ్యమన్న మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. నేలకేసి చూస్తున్నాడు. ఒక్క మాట, తుక్కులో వెయ్యమన్నది నేనే అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

నేను అన్నాను. గట్టిగానే అన్నాను. గోడకు చెప్పినట్టయింది. ఆడపడుచు వదిన తరఫున మాట్లాడక ఎవరి తరఫున మాట్లాడుతుంది అన్నారు.

వదిన ఏప్రాన్ విప్పి మడత పెట్టింది. పాత గరిటెను కుళాయి కింద పెట్టి ఒకసారి కడిగి, తుడిచి, పెద్ద మేడం చేతికిచ్చింది. ఆవిడ దాన్ని తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇప్పటికీ అక్కడే ఉందట. రెండు గ్లాసులు నేనే కడిగాను.

నేను ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. నన్నేమైనా అనాలంటే అనండి. నేనూ మానేస్తే ఇంట్లో నలుగురం ఏం తినాలో కూడా చెప్పి అనండి. వదిన స్థానంలో కొత్తావిడ వచ్చింది, మంచిదే పాపం. ఆవిడ చెయ్యి మొదటి నుంచీ ఆ లోతులేని గరిటెకే అలవాటు పడింది. దింపుతుంది, లేపుతుంది, వేస్తుంది. కూర ఒక్క రోజు కూడా చాలకపోవడం లేదు. చివరి తరగతి దాకా సరిపోయి, మా డబ్బాల్లోకి అడుగు కూడా మిగులుతోంది. తల్లులు, చూశారా, మనిషిని మార్చగానే అంతా సరిపోతోంది అనుకుంటున్నారు. మొదటి తరగతి పిల్ల కూడా ఇప్పుడు ఆగి ఎదురుచూడ్డం మానేసింది. ఒక్క గరిటె పడగానే కదిలిపోతుంది. పైవాళ్ల దగ్గర నుంచి జవాబు రాలేదు. ధరలు ఎక్కిన కొండ మీదే ఉన్నాయి, అక్కడే కాపురం పెట్టేలా ఉన్నాయి. నాకు తరగడానికి ఉల్లిపాయలు ఇంకా తగ్గాయి. కళ్లు తుడుచుకోవడానికి ఆ సాకు కూడా ఎక్కువసేపు నడవట్లేదు.

వదిన ఇప్పుడు పొద్దున పూట ఎవరింట్లోనో అంట్లు తోముతుంది. సాయంత్రం నా కూతురు బడి నుంచి రాగానే రోజూ ఒకటే అడుగుతుంది.

"చివరి తరగతికి సరిపోయిందా?"

"సరిపోయింది అత్తా."

"నీకు కడుపు నిండిందా?"

"ఒక గరిటె వేశారు అత్తా" అంటుంది నా కూతురు. అది అబద్ధం చెప్పదు, నిజమూ పూర్తిగా చెప్పదు.

రాత్రి భోజనానికి నలుగురం కూర్చుంటాం. వడ్డించేది వదినే, ఇంట్లో ఉన్న చిన్న గరిటెతో. గిన్నె అడుగుదాకా దింపి, ఒకసారి తిప్పి, లేపి, అంచుకు టక్కున తాకించి పిల్ల పళ్లెంలో వేస్తుంది. తర్వాత మా అన్నయ్యకు, తర్వాత నాకు. చెయ్యి అదే, కొలత అదే, ముగ్గురికీ ఒక్క ముక్క తేడా ఉండదు. నాలుగో పళ్లెం వచ్చేసరికి గిన్నె ఖాళీ. వదిన అన్నం మీద ఉప్పు చల్లుకుని తినేస్తుంది. ఆ పళ్లెంలోకి కూర ఎందుకు రాలేదని అడగడానికి మా గుమ్మం ముందుకు ఏ తల్లీ రాదు.